సినిమాకి మూడు క్రెడిట్లు

ఓపెన్ ఎలక్టివ్‌ల లిస్టు వచ్చిన రోజు, ధైర్యం చేసి ఒక సార్‌ని అడిగాను: "సార్, సినిమా మీద ఒక సబ్జెక్ట్ పెట్టొచ్చు కదా?" ఆయన నవ్వేశారు. "రోజూ చూస్తూనే ఉన్నారుగా, మళ్ళీ దానికి క్రెడిట్లు కూడానా?" చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. నిజం చెప్పాలంటే నేనూ నవ్వాను. సమాధానం తట్టలేదు మరి.

అది సెలవుల్లో అమ్మమ్మ దగ్గర దొరికింది. టీవీలో 'మాయాబజార్' వస్తోంది. 1957 నాటి సినిమా. ప్రియదర్శిని పెట్టె సీన్ రాగానే ఫోన్‌లోంచి తలెత్తి, "అమ్మమ్మా, అప్పట్లోనే ల్యాప్‌టాప్ చూడు!" అన్నాను. మనందరం వేసే జోకే. అమ్మమ్మ మాత్రం, "పెట్టె సంగతి సరేనే, అందులో ఎవరికి ఏం కనబడిందో చూశావా?" అంది.

చూడలేదు. ఆ సినిమా ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, అది మాత్రం చూడలేదు.

ఎవరికి ఏది ప్రియమో అదే చూపించే పెట్టె అది. శశిరేఖకి అభిమన్యుడు. రేవతికి మణిమాణిక్యాలు. బలరాముడికి శిష్యుడు దుర్యోధనుడు. కృష్ణుడికేమో శకుని! కూతురి ప్రేమ, తల్లి ఆశ, తండ్రి అభిమానం... రాబోయే గొడవంతా కె.వి.రెడ్డి ఆ ఒక్క పెట్టెలో సర్దేశారు. కృష్ణుడికి శకుని ఎందుకు కనిపించాడన్నది ఒక్కటే గంటసేపు మాట్లాడుకోవచ్చు. మనం దాన్ని మీమ్ చేసి వదిలేశాం.

"మీ అమ్మమ్మ ఏ కోర్సూ చదవలేదుగా?" అంటారేమో. నిజమే. కానీ ఆవిడ సినిమా చూస్తున్నప్పుడు సినిమానే చూస్తుంది. మనం 1.5 స్పీడ్‌లో, రీల్స్ మధ్యలో చూస్తాం. క్లాసు మనకి నేర్పాల్సింది ఆ ఆగి చూడటమే.

ఇమేజ్ ప్రాసెసింగ్ ల్యాబ్‌లో ఏ పిక్సెల్ విలువ ఎంతో చెప్పగలం. మార్కస్ బార్ట్లీ కెమెరాతో కల్పించిన వెన్నెల ఇన్నేళ్ళ తర్వాత కూడా చల్లగా ఎందుకు ఉందో చెప్పలేం. ఇదేమీ కొత్త చదువు కాదు. పుణెలో పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో 1960లోనే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు, తర్వాత టీవీ కూడా అందులో చేరింది. ఐఐటీ మద్రాస్ నుంచి సినిమా అధ్యయనం మీద ఆన్‌లైన్ పాఠాలున్నాయి. అక్కడా మనలాంటి ఇంజనీర్లే కదా!

విడదీసి చూస్తే మజా పోతుందని ఇంకో భయం. ఛందస్సు తెలిసినవాడికి పద్యం చేదవుతుందా? నాకైతే ఆ రోజు నుంచి ప్రియదర్శిని సీన్ ఇంకా బాగుంది.

సిలబస్ మారేదాకా ఆగక్కర్లేదు. మన క్లబ్బులోనే నెలకో సినిమా, అందులో ఒక్క సీన్ పెట్టుకుందాం. కలెక్షన్ల గొడవ వద్దు, హీరోల గొడవ వద్దు. ఫోన్లు బయట పెట్టి రండి.

మొదటి నెల ప్రశ్న అమ్మమ్మదే: ఎవరికి ఏం కనబడింది?