మైనములో దాచిన ఎండ రాత్రికి చేతికందవలెను

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలో మిర్చి పండించు మీకు కల్లము మీది రాత్రి ఎంత భయమో వేరుగ చెప్పనక్కరలేదు. పగలంతయు ఎండిన కాయ రాత్రి మంచుకు మరల మెత్తబడును. పరదా కప్పినచో లోపల చెమ్మ పట్టును, కప్పకున్నచో మంచు పడును. మెత్తబడిన కాయకే బూజు పట్టుట, రంగు పోయి తాలుగా మారుట, అఫ్లటాక్సిన్ అను విషము చేరుట జరుగును. ఎనుమాముల మార్కెట్టులో ధర తెగునది ఈ తేమ వద్దనే. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన వరంగల్ చపాట మిర్చికి పేరు తెచ్చినది దాని ఎర్రని రంగే గదా!

పగటి ఎండను దాచి రాత్రి వాడుకొనుటకు పారఫిన్ మైనము నింపిన సోలార్ డ్రయ్యరులను పరిశోధకులు చాల కాలముగా తయారుచేయుచున్నారు. నేడో రేపో అమ్మువారు మీ ఊరికి వత్తురు. మైనము కరుగునపుడు వేడిని మ్రింగును, గట్టిపడునపుడు తిరిగి విడుచును. 50, 55 డిగ్రీల వద్ద కరుగు రకము మిర్చికి సరిపోవును. కిలో మైనము కరుగుటలో దాచుకొను వేడి సుమారు 200 కిలోజౌళ్ళు. కిలో గులకరాళ్ళు 20 డిగ్రీలు చల్లారినను 17కు మించి ఇయ్యవు.

ఇంతవరకు మైనము గొప్పదే. అయితే అందులో మైనమెన్ని కిలోలని మాత్రమే అడిగి కొనుట సరికాదని నా అభిప్రాయము. వేడి దానిలోనికి ఎట్లు పోవును, ఎట్లు బయటికి వచ్చును అని ముందుగా అడుగవలెను. మైనము వేడిని అతి నెమ్మదిగా నడిపించును. ఈ విషయములో అల్యూమినియము దానికంటె సుమారు వెయ్యి రెట్లు మేలు. పేరుకున్న నెయ్యి గిన్నెను పొయ్యి ప్రక్కన ఉంచి చూడుడు: అంచు కరుగును, నడుమ ముద్ద అట్లే ఉండును. పెద్ద డబ్బాలో పోసిన మైనమునకును ఇదే గతి. సాయంత్రమైనను నడిమి భాగము కరుగకపోవచ్చును. రాత్రి చిక్కు ఇంకను ఎక్కువ. కరిగిన మైనము లోపల తిరుగాడి వేడిని కొంత పంచును గాని, గట్టిపడు మైనము మొదట గోడకే అంటుకొని, లోపలి వేడిని దుప్పటివలె కప్పివేయును.

దీనికి మార్గము కష్టమైనది కాదు. పెద్ద డబ్బాకు బదులు సన్నని గొట్టములుగాని, పలుచని పళ్ళెములుగాని వాడి, లోపల అల్యూమినియపు రెక్కలు అమర్చవలెను. రెక్క గోడకు గట్టిగా అతికియుండవలెను. వదులుగా పడవేసిన రేకు ముక్కలు అంత పని చేయవు. గ్రాఫైటు కలుపు పద్ధతియు ఉన్నది గాని, ఊరికే కలిపిన పొడి నాళ్ళు గడిచిన కొలది అడుగున పేరుకొనవచ్చును. ఊరిలో రెక్కయే నమ్మకము. రెక్కలు చోటు తినును గనుక మైనము కొంత తగ్గును. తగ్గనిండు. కరుగునపుడు మైనము పదో వంతు వరకు ఉబ్బును, డబ్బాను మూతవరకు నింపరాదు.

ఆశ కూడ హద్దులో ఉండవలెను. నూటికి 75 వంతులు నీరున్న క్వింటాలు పండుమిర్చిని 10 వంతుల తేమకు తేవలెనన్న 72 కిలోల నీరు పోవలెను. క్వింటాలు మైనములోని వేడి ఏమాత్రము వృథా కాకున్నను 8 కిలోల నీటినే ఆవిరి చేయును. కనుక పచ్చికాయ భారము సూర్యునిదే. చివరి దినములలో కాయను రాత్రిపూట మెత్తబడనీయకుండుట మైనము పని. అందుకు కొద్దిపాటి మైనమైనను, వేడిని చురుకుగా ఇచ్చునది చాలును.

విస్తరణాధికారులకు ఒక మనవి. పగటి ప్రదర్శన చూచి రాయితీ కాగితముపై సంతకము చేయకుడు. మహబూబాబాదు జిల్లా మల్యాల ఉద్యాన పరిశోధనా స్థానము వంటి చోట రాత్రి పరీక్ష పెట్టించుడు. డబ్బా నడుమ ఒక థర్మామీటరు, కాయలకు తగులు గాలిలో ఒకటి ఉంచి, తెల్లవారుజాము 4 గంటలవరకు గంటకొకమారు వ్రాయించుడు. నడుమ వేడి 55 డిగ్రీల వద్దనే నిలిచి, గాలి మాత్రము చల్లబడినచో రెక్కలు చాలలేదన్నమాట. అట్టి డ్రయ్యరును అమ్మువానికే తిప్పి పంపుడు.