కాటి సుంకానికి బోర్డేదీ?

బాటసారి

కిందటి నెల మా బాబాయిని సాగనంపడానికి ఊరి చివర మున్సిపాలిటీ శ్మశానానికి వెళ్లాం. పాడె ఇంకా భుజాల మీదే ఉంది. గేటు దగ్గర ఒకతను మా తమ్ముణ్ణి పక్కకు పిలిచాడు. కట్టెలకింత, చితి పేర్చినందుకింత, రాత్రి కాపలాకింత, ఆపైన 'మీకు తోచింది' అంటూ ఇంకొంత. తడిబట్టలతో, చేతిలో నిప్పుకుండతో ఉన్నవాడు ఏం బేరమాడతాడు? తలూపాడు. రసీదు అడుగుదామని నాకు నోటిదాకా వచ్చింది. అయినవాళ్ల ముందు చావింట లెక్కలేమిటంటారని మింగేశాను.

తరవాత కాళ్లు కడుక్కుందామంటే కుళాయిలో చుక్క నీరు లేదు. చీకటి పడింది, దీపం లేదు. పాతికమందిమి కలిసి మున్సిపాలిటీని తిట్టిపోశాం. ఇంటికొచ్చి తలస్నానాలు చేశాం. మైలతో పాటు ఆ కోపమూ పోయింది. పెద్దలు శ్మశాన వైరాగ్యం గురించే చెప్పారు గానీ, శ్మశానంలో వచ్చే కోపానికీ ఆయుష్షు అంతే.

ఈ సేవ ఎప్పటికీ బాగుపడకపోవడానికి కారణం ఇదేనని నాకనిపిస్తుంది. వీధిదీపం వెలగకపోతే రేపూ ఆ దారినే నడవాలి కాబట్టి వార్డు కౌన్సిలర్ని నిలదీస్తాం. శ్మశానంలో అసలు మనిషి ఫిర్యాదు చెయ్యడు, వెంట వెళ్లినవాళ్లు మళ్లీ ఏ పదేళ్లకో వస్తారు. మళ్లీ వచ్చినరోజున కూడా అడిగే స్థితిలో ఉండరు. అడిగేవాడు లేని చోట నియమం గోడ మీదయినా ఉండాలి. శ్మశానాలూ విద్యుత్ దహనవాటికలూ పురపాలక సంఘాలకు అప్పగించదగిన పనులని రాజ్యాంగం పన్నెండో షెడ్యూలు 14వ అంశంగా రాసిపెట్టింది. అంత పెద్ద పుస్తకంలో ఉన్న సంగతి మా ఊరి శ్మశానం గోడ మీదికి ఇంకా దిగిరాలేదు.

కాటి దగ్గర డబ్బు తీసుకోవడం తప్పేమీ కాదు. హరిశ్చంద్రుడు కన్నకొడుకు శవానికే సుంకం అడిగాడు. కాటి సీనంటే తెల్లవార్లూ మేలుకుని జాషువా పద్యాలకు వన్స్‌మోర్ కొట్టిన జాతి మనది. కానీ ఆ సుంకం ఉన్నదనీ, అది వీరబాహుడికి చెందుతుందనీ అందరికీ తెలుసు. మేమిచ్చిన డబ్బు ఎవరికి చేరిందో మాకు తెలియదు.

అడిగినవాడి మీద నాకు కోపం లేదు. మరునాడు ఎముకలు ఏరడానికి వెళ్లినప్పుడు మాటల్లో పెట్టాను. జీతమంటూ లేదట, తండ్రి చేశాడు కాబట్టి తనూ చేస్తున్నాడట. కరోనా రోజుల్లో సొంతవాళ్లే ముట్టుకోని శవాలను ఇలాంటివాళ్లే కదా మోసింది! గమ్మత్తేమిటంటే, ఊరూ పేరూ లేని ఈ కాపరికి చట్టంలో ఒక స్థానముంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణాలను రిజిస్ట్రారుకు తెలియజేయాల్సిన వాళ్లలో శ్మశానం చూసుకునేవాడూ ఒకడు. మరణం 21 రోజుల్లో నమోదు కావాలి. ఆ సర్టిఫికెట్టు లేనిదే బ్యాంకులో డబ్బు కదలదు, బీమా రాదు, పొలం వారసుల పేరుకు మారదు. ఇంత బాధ్యత నెత్తినున్న మనిషికి ఒక రిజిస్టరూ, రసీదు పుస్తకమూ, నెల జీతమూ ఇవ్వకుండా శవానికింతని ఏరుకోమని వదిలేస్తే, అతను గేటు దగ్గర ఇంకేం చేస్తాడు?

కట్టె సంగతీ అంతే. ఒక చితికి నాలుగైదు క్వింటాళ్లు పడుతుంది. కాటా ఎక్కడా కనబడదు, అంతా చేతివాటమే. పచ్చికట్టె పెడితే సగం కాలి ఆరిపోతుంది, మళ్లీ కిరోసినో టైర్లో వెతుక్కోవాలి. కరెంటు పొయ్యి పెట్టారు కదా అంటారా? అది చల్లారితే మళ్లీ వేడెక్కడానికి గంటలు పడుతుంది. రోజూ వరసగా నాలుగు శవాలొచ్చే పెద్ద నగరంలో అది గిట్టుబాటు. వారానికి రెండు వచ్చే పట్టణంలో తుప్పు పడుతుంది. చిన్న ఊళ్లకు గ్యాసు పొయ్యి నయం. గుండెల మీద కర్పూరం వెలిగించి లోపలికి పంపడానికి జనం ఇప్పుడిప్పుడే అలవాటు పడుతున్నారు కూడా.

ఇక పూడ్చేచోట పంచాయితీ వేరు. ఖననమంటే ముస్లిములదీ క్రైస్తవులదీ మాత్రమే అనుకుంటాం. లింగాయతులు పూడుస్తారు, దళితుల్లో, బీసీల్లో చాలామంది పూడుస్తారు, పసిబిడ్డల్ని దాదాపు అందరూ పూడుస్తారు. ఉన్నవాడు గుంత పూడ్చిన చోట సిమెంటు గద్దె కట్టి, గ్రానైటు పరిచి, చుట్టూ గ్రిల్లు బిగిస్తాడు. అలా ఇరవై సమాధులు లేస్తే లేనివాడికి గుంత తవ్వే జాగా ఉండదు. పక్కా కట్టడానికి అనుమతి తప్పనిసరి చెయ్యాలి, ప్రతి గుంతకూ నంబరుండాలి, ఎన్నేళ్ల తరవాత ఆ చోటు మళ్లీ తవ్వవచ్చో ముందే చెప్పాలి. ఇందులో మొహమాటమేమీ అక్కర్లేదు. బందరులో డచ్చివాళ్ల సమాధులు పదిహేడో శతాబ్దం నాటివి, ఏది ఎవరిదో రాతి మీద ఇప్పటికీ రాసుంది. మా ఊళ్లో నాలుగేళ్ల కిందట పూడ్చిన చోటు చూపించమంటే, కాపరి 'ఆ వేపచెట్టుకు తూర్పుగా పది అడుగులు' అంటాడు. మొన్న గాలివానకు ఆ చెట్టు కూలిపోయింది.

నాటకంలో శ్మశానం అందరినీ సమానం చేస్తుంది. మన ఊళ్లలో మాత్రం కులానికో శ్మశానం, కొన్నిచోట్ల శవాన్ని తీసుకెళ్లడానికి దారి కోసం గొడవ. మున్సిపాలిటీ డబ్బుతో కట్టిన గోడకు ఏ సంఘం బోర్డూ ఉండకూడదన్నది నియమాల్లో మొదటి వాక్యం కావాలంటాను.

తెలంగాణలో ఊరూరా వైకుంఠధామాలు కట్టారు. పేరు మారింది, ప్లాట్‌ఫారం వచ్చింది, సంతోషం. అయితే కట్టడానికి ఒక్కసారి ఖర్చు, నీళ్లకూ దీపానికీ మనిషికీ నెలనెలా ఖర్చు. జూబ్లీహిల్స్ మహాప్రస్థానం చూసొచ్చినవాళ్లు దాని శుభ్రతను మెచ్చుకుంటారు. అక్కడ కనబడే తేడా పాలరాయిది కాదు, రోజూ ఊడ్చే మనిషిది.

కాబట్టి ఒక్కటే అడుగుతున్నాను. ఇంట్లో చావు లేని రోజు చూసుకుని మీ ఊరి శ్మశానానికి వెళ్లండి. బేరమాడే ఓపిక ఆ రోజే ఉంటుంది. రేట్ల బోర్డు ఉందా, కుళాయిలో నీళ్లొస్తున్నాయా, కాపరికి జీతమెవరిస్తున్నారో కనుక్కోండి. లేనివి ఒక కాగితం మీద రాసి సోమవారం గ్రీవెన్సులో ఇవ్వండి. నేను మొన్న ఇచ్చొచ్చాను. ఈసారి మొహమాటపడకుండా రసీదు కూడా అడిగి తీసుకున్నాను.