సుగ్గికి పోయిన ఓటు

2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు జరిగేనాటికి గుంటూరు చేలల్లో మిరప కోతలు. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి పల్లెల్లో ఎన్నో ఇళ్లకు తాళాలు. సుగ్గికి, అంటే కూలి వలసకు, పోయినవాళ్లను రప్పించాలంటే అభ్యర్థులు బండి పెట్టాల్సిందే. చట్టం ఒప్పదని పంపినవారికీ తెలుసు, ఎక్కినవారికీ తెలుసు. కూలి పోగొట్టుకుని వచ్చేవాడిని తప్పుపట్టలేం.

తొలకరికి వజ్రాల కోసం పొరుగు జిల్లాలవాళ్లు మన జొన్నగిరి చేలకు వస్తారు. మన కూలీలు మాత్రం పనికోసం పొలిమేర దాటుతారు. 2021లో ఎన్నికైన పంచాయతీ పాలకవర్గాల గడువు 2026 వరకే. రెండు శాసనసభ ఎన్నికల నడుమ వచ్చే పంచాయతీ పోరులో జెండా మోసేవారికన్నా జాబితా చదివేవారు కావాలి. పంచాయతీ జాబితాకు ఆధారం శాసనసభ జాబితాయే. తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన నివాస హక్కు పోదని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. తాళం చూసి పేరు కొట్టేస్తే యువజన సంఘాలు, మహిళా సంఘాలు రచ్చబండ దగ్గరే నిలదీయాలి. పద్దెనిమిది నిండినవారిచేత ఫారం 6 నింపించాలి.

ఉన్నచోటి నుంచే ఓటు వేసే యంత్రాన్ని ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీల ముందుంచింది. అది ముందుకు సాగలేదు. కనీసం పోలింగు తేదీనైనా మిరప కోతలు ముగిశాక పెట్టమని ఈ ప్రాంత నాయకులు రాష్ట్ర ఎన్నికల సంఘాన్ని అడగాలి.