శ్రీశైల విద్యుత్తు - సీమకు రాగి విద్య

శ్రీశైలమున కృష్ణానదికి ఆనకట్ట కట్టుటకు 1963లో జవహర్‌లాల్ నెహ్రూగారు శంకుస్థాపన గావించిరి. జలాశయము నిండుటకై కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో సుమారు నూరు గ్రామములు 1981 నాటికి ఖాళీ కావలసివచ్చెను. నేడచట కుడిగట్టున 770, ఎడమగట్టున 900 మెగావాట్ల శక్తిగల విద్యుత్కేంద్రములున్నవి. ఊళ్లను నీటికర్పించిన సీమకు ఆ విద్యుత్తువలన దీపము వెలుగుటయేనా, బ్రతుకుతెరువు కూడ కలుగునా అను ప్రశ్న నేటికిని తీరలేదు.

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము ఓర్వకల్లు, కొప్పర్తి పారిశ్రామిక కేంద్రములకు ఆమోదము తెలిపినది. ఎలక్ట్రానిక్సు పరిశ్రమలకై కొప్పర్తిలో ప్రత్యేకస్థలము ఇదివరకే ఏర్పడినది. ఇందుకు మేము సంతసించుచున్నాము. అయితే పొరుగుదేశములనుండి వచ్చిన భాగములను బిగించి పంపుటయే పరిశ్రమయనిపించుకొనదు. ఆ యంత్రముల లోపలి సర్క్యూటు పలకపై రాగిని నిలుపు విద్య మనవారికి పట్టుబడవలెను.

ఆ విద్య పైకి సులభముగనే తోచును. మైలుతుత్తమును గంధకామ్లము కలిపిన నీటిలో కరగించి విద్యుత్తును నడపినచో, ఋణధ్రువముపై రాగి పేరుకొనును. సుమారు 96,500 కూలుంబుల విద్యుత్తునకు 31.8 గ్రాముల రాగి చేరును. ఈ లెక్కకు మూలమైన నియమములను ఫారడే పండితుడు 1830 దశకముననే కనుగొనెను. కాని తూకము సరిపోయినంతమాత్రమున పూత సరిపోదు. మిట్టగానున్నచోటికి విద్యుత్తు ఎక్కువగా చేరుటచే అచట రాగి మరింత పెరిగి ముండ్లవలె లేచును. పలకలోని సన్నని రంధ్రముల నోటికడ దట్టమై లోపల పలుచనగును.

దీనిని సరిదిద్దునవి ద్రావణములో కలుపు స్వల్పద్రవ్యములు. రాగిని శుద్ధిచేయు కర్మాగారములలో జంతుచర్మముల జిగురును, థయోయూరియాను వాడుదురు. సర్క్యూటు పలకల పూతలో క్లోరైడు, పాలీఇథిలీన్ గ్లైకాలు పూతవేగమును తగ్గించును. గంధకము గల కొన్ని ద్రవ్యములు దానిని హెచ్చించును. మరికొన్ని మిట్టలనంటుకొని వానిని అణచును. వీని మోతాదు లీటరునకు మిల్లిగ్రాముల లెక్క. పని జరిగినకొలది ఇవి తరిగిపోవును, విరిగిపోవును. కావున నిత్యము పరీక్షించి పూరించుచుండవలెను. ద్రవ్యమును డబ్బాతో కొనవచ్చును; దాని నడవడిని కనిపెట్టు నేర్పును కొనజాలము. తమిళనాట కారైక్కుడిలోని కేంద్ర విద్యుద్రసాయన పరిశోధనాలయము 1948లో స్థాపింపబడినది. దాని సహాయముతో కడప, కర్నూలు కళాశాలలలో ఈ విద్యను నేర్పుటకు ప్రభుత్వమువారు వెంటనే పూనుకొనవలెను.

అంతకన్న ముఖ్యమైనది నీటిమాట. పూత వేసిన పలకలను కడిగిన నీటిలో ఆమ్లమును రాగియు మిగులును. బోరునీరే ప్రాణముగా బ్రదుకు పల్లెలలో అది భూమిలోనికి ఇంకినచో రైతు గతి యేమి? తూత్తుకుడిలో రాగి కర్మాగార కాలుష్యముపై సాగిన ఆందోళనమున 2018 మేలో పోలీసు కాల్పులకు 13 మంది బలియైరి. కర్మాగారము మూతపడెను, శుద్ధమైన రాగిని ఎగుమతి చేయుచుండిన దేశము దిగుమతికి చేయిచాపవలసివచ్చెను. ప్రజల నమ్మకము చెడినచోట పరిశ్రమయు నిలువదనుటకు ఇంతకన్న నిదర్శనము వేరేల?

ఈ దోషమునకు మందు ఆ విద్యలోనే యున్నది. రాగిని పలకపై నిలిపిన విద్యుత్తే కడిగిన నీటిలోని రాగిని చాలవరకు తిరిగి రాబట్టగలదు. మిగిలిన నీటిని శుద్ధిచేసి మరల వాడుకొనవచ్చును. ఈ యేర్పాటు లేనిదే ఏ పూతశాలకును అనుమతి నీయరాదనియు, చుట్టుపట్ల బావుల నీటిపరీక్షా ఫలితములను గ్రామపంచాయతీల యెదుట తెలుగున ప్రకటింపవలెననియు మేము కోరుచున్నాము.

విద్యుత్తునకై సీమ ఒకమారు ఊళ్లనిచ్చినది. పరిశ్రమకై బావులను కూడ ఇమ్మని అడుగుట న్యాయము కాదు.