మిలిటరీ లారీకి ముందు జంట టైర్లు: బలమా? భారమా?

పాత మిలిటరీ లారీ అంటే పల్లెల్లో నమ్మకం ఎక్కువ. సైన్యం వాడిన బండికి తిరుగేమున్నదని అంటారు. ఆ నమ్మకం ఊరికే రాలేదు. 1945లో రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మన దేశంలో మిగిలిపోయిన సైనిక వాహనాలను డిస్పోజల్ కింద అమ్మివేశారు. వాటిలో ఎన్నో సరుకు లారీలుగా, బస్సులుగా మారి ఏళ్ల తరబడి నడిచాయి. తర్వాత 1959 నుంచి జబల్పూరులో తయారైన శక్తిమాన్ లారీలు సైన్యానికి సేవ చేశాయి. వాటి తయారీ 1996లో ఆగిపోయింది. సైన్యం పక్కన పెట్టిన బండ్లు నేటికీ వేలంలో బయటివారి చేతికి వస్తూనే వున్నాయి.

చేతికి వచ్చిన బండిని వున్నది వున్నట్టు వాడుకుంటే పేచీ లేదు. దాన్ని ఇంకా బలం చేద్దామనే ఆశతోనే చిక్కంతా వస్తున్నది. అమెరికా సైన్యం వాడి వదిలేసిన రెండున్నర టన్నుల లారీలను కొన్నవారిలో కొందరు ముందు ఇరుసుకు కూడా జంట టైర్లు బిగిస్తున్నారు. ఆ బండికి వెనుక రెండు ఇరుసులకూ నాలుగేసి టైర్లు ముందే వున్నాయి. దానితో పది టైర్ల బండి పన్నెండు టైర్ల బండి అవుతుంది. చూపుకు గంభీరంగా వుంటుంది. బురదలో దిగబడదని, బరువు ఎక్కువ మోస్తుందని వారి వాదన. ఇటువంటి మోజు మన షెడ్లకు రావడానికి ఎంతో కాలం పట్టదు. వచ్చేలోగానే మంచిచెడ్డలు తెలుసుకోవడం అవసరం.

జంట టైర్లు బిగించడం కష్టమైన పని కాదు. లారీ డిస్కు పళ్లెంలా ఒక పక్కకు గుంటగా వుంటుంది. ముందు చక్రానికైనా వెనుక చక్రానికైనా డిస్కు ఒకటే, బిగించే తీరు మాత్రం వేరు. వెనుక రెండు డిస్కులను ఒకదాని వీపు ఒకదానికి ఆనించి బిగిస్తారు. ముందు మాత్రం టైరు లోపలి వైపుకు, అంటే చక్రం తిరిగే కింగ్ పిన్ను దగ్గరకు వచ్చేటట్టు ఒక్క డిస్కే వేస్తారు. దానిమీద మరో డిస్కును తిరగేసి బిగిస్తే జంట అయిపోతుంది. అయితే రెండో టైరు బండి బయటకు పొడుచుకు వస్తుంది. నష్టం అక్కడే మొదలవుతుంది.

నీళ్ల బిందెను చంకన పెట్టుకుని నడవడం వేరు, అదే బిందెను చేయి చాపి పట్టుకుని నడవడం వేరు. బిందె బరువు మారదు, కాని భుజం లాగేస్తుంది. ముందు హబ్బులోని బేరింగులు, కింగ్ పిన్ను, దాని బుష్షులు ఒంటి టైరు లోపలికి వుంటుందన్న లెక్కతో తయారైనవి. టైరు బయటకు జరిగితే ఆ భాగాలన్నీ చేయి చాపి బరువు మోయవలసి వస్తుంది. బయటి టైరు కింద రాయి పడినా, గట్టు అంచు తగిలినా ఆ మూల బరువంతా ఒక్కసారిగా ఆ చివరనే పడుతుంది. అదే దెబ్బ స్టీరింగు చక్రం ద్వారా డ్రైవరు చేతుల మీదకు వస్తుంది. ఈ పాత బండ్లలో చాలావాటికి పవర్ స్టీరింగు కూడా లేదు.

మలుపు సంగతి మరొకటి. కళ్లంలో బంతి తిప్పేటప్పుడు బయటి ఎద్దు లోపలి ఎద్దుకన్నా ఎక్కువ దూరం నడుస్తుంది. జంట టైర్లు ఒకే హబ్బుకు బిగించి వుంటాయి కనుక రెండూ ఒకే లెక్కన తిరగవలసిందే. బయటి టైరు ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ దూరం పోవాలి. అలా పోలేక రెండూ నేలను గీరుకుంటాయి. వెనుక ఇరుసు మీద కూడా ఈ గీకుడు వున్నది. అయితే ముందు చక్రాలు బండిని తిప్పేవి. అక్కడ ఈ గీకుడు స్టీరింగును బరువెక్కిస్తుంది, టైర్లను త్వరగా తినేస్తుంది.

మరి బురదలో మేలు లేదా అంటే, కొంత వున్నదనే చెప్పాలి. ముందు ఒంటి టైరు వేసిన గాడి సన్నగా వుంటుంది. వెనుక జంట టైర్లు ఆ గాడిని మళ్లీ వెడల్పు చేసుకుంటూ పోవాలి. ముందు కూడా జంట వుంటే గాడి ఒకే వెడల్పుగా పడుతుంది. మెత్తని నేల మీద మెల్లగా పోయే బండికి ఇది సాయమే. కాని ఈ సాయాన్ని ఇంతకన్నా చవకగా పొందే దారి వున్నది. అది గాలి తగ్గించడం.

టైరు నేలను ఎంత మేర తాకుతుందన్నది ముఖ్యంగా రెండింటి మీద ఆధారపడుతుంది. ఒకటి బరువు, రెండోది గాలి. వెయ్యి కిలోల బరువు మోసే టైరులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల గాలి వుంటే అది సుమారు 200 చదరపు సెంటీమీటర్ల మేర నేలను తాకుతుంది. గాలిని సగం చేస్తే సుమారు 400 అవుతుంది. గాలి తగ్గించకుండా పక్కన మరో టైరు వేస్తే ఒక్కొక్కటి సగం బరువు మోసి, సుమారు 100 చొప్పున తాకుతుంది. రెండూ కలిపితే మళ్లీ 200 దగ్గరకే వస్తుంది. అంటే టైరు డబ్బు ఖర్చయింది గాని నేల మీద ఒత్తిడి పెద్దగా తగ్గలేదు. అయితే గాలి తగ్గించిన బండిని బరువుతో రోడ్డు మీద తోలకూడదు. టైరు వేడెక్కి పగులుతుంది. మెత్తని నేల దాటిన వెంటనే తిరిగి గాలి పట్టాలి.

ఈ సంగతి సైన్యానికి ఏనాడో తెలుసు. 1942లో అమెరికావారు నీటిలోనూ నేలమీదా నడిచే డక్ అనే బండిని తయారు చేశారు. పది టైర్ల రెండున్నర టన్నుల లారీయే దానికి ఆధారం. సముద్రం నుంచి ఇసుక మీదకు ఎక్కవలసిన ఆ బండికి వారు టైర్లు పెంచలేదు సరికదా, ఆరు ఒంటి టైర్లే వేశారు. డ్రైవరు కూర్చున్నచోటు నుంచే గాలి పెంచుకునే, తగ్గించుకునే ఏర్పాటు చేశారు. అటువంటి బండ్లు 21 వేలకు పైగా తయారయ్యాయి. 1990లలో పాత రెండున్నర టన్నుల లారీలను బాగుచేసినప్పుడు కూడా వెనుక జంటలను తీసివేసి, వెడల్పాటి ఒంటి టైర్లు వేసి, గాలి మార్చే ఏర్పాటు పెట్టారు. సైన్యం వెనుక జంటలు తీసేస్తే, కొన్నవారు ముందు కూడా జంటలు వేయడం విడ్డూరం కాదా?

ఇక బరువు ఎక్కువ మోస్తుందన్న వాదనకు జవాబు మన రోడ్ల మీదనే వున్నది. పన్నెండు టైర్ల లారీని చూడండి. ముందు భాగం మీద ఎక్కువ బరువు వేయవలసి వచ్చినప్పుడు కంపెనీవారు ముందు ఇరుసుకు జంట టైర్లు వేయలేదు. తిరిగే ఇరుసును మరొకటి పెట్టారు. బరువు మోసేది టైరు ఒక్కటే కాదు. ఇరుసు, బేరింగు, కమాను కట్ట, బ్రేకు అన్నీ మోయాలి. టైరు మాత్రం పెంచి మిగతావి పాతవే వుంచితే బలం పెరగదు, ధైర్యం మాత్రమే పెరుగుతుంది. ఆ ధైర్యంతో అదనపు బరువు ఎక్కిస్తారు. పైన కూలీలు కూడా ఎక్కుతారు. ముందు హబ్బు విరిగితే బండి ఎటు పోతుందో డ్రైవరు చేతిలో వుండదు.

షెడ్డులో పనిచేసే కుర్రవాళ్ల ప్రాణాలు కూడా ఆలోచించాలి. ఈ పాత డిస్కులు లాకు రింగు రకంవి, లేదా రెండు ముక్కలు నట్లతో కలిపినవి. గాలి వుండగా పొరపాటున విప్పితే రింగు బాణంలా ఎగిరి తలకు తగులుతుంది. జంట టైర్లు విప్పేటప్పుడు ఒకదానికి కాదు, రెండింటికీ వాల్వు తీసి గాలి పూర్తిగా వదిలాకే నట్టు మీద పానా పెట్టాలి.

చట్టం కూడా ఇందుకు ఒప్పుకోదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషనులో వున్న వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జుర్మానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా దగ్గర పేచీ వచ్చే అవకాశం వున్నది.

కనుక వేలంలో మిలిటరీ లారీ కొనే సోదరులు ముందు టైర్ల సంఖ్య పెంచే డబ్బుతో పాత బేరింగులు, కింగ్ పిన్ను బుష్షులు, బ్రేకులు మార్పించుకోవడం మేలు. మెకానిక్కులు గిరాకీ పోతుందని మొహమాటపడకుండా కాదని చెప్పాలి. రవాణా శాఖవారు ఫిట్‌నెసు తనిఖీలో ఇటువంటి మార్పులను పట్టుకోవడమే కాక, ఎందుకు కూడదో యజమానికి వివరించాలి. చక్రం పెంచడానికి ముందు ఇరుసును అడగాలి.