చిలుకను తెచ్చుకునే ముందు

కంచర్ల గోపన్న గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్ళు మగ్గడానికి కారణం, పూర్వజన్మలో ఆయన ఒక చిలుకను పంజరంలో బంధించడమేనని మన పెద్దలు చెబుతారు. ఆ కథ విని పెరిగిన మనమే తరతరాలుగా వసారాలో పంజరం వ్రేలాడదీసి, ఇంటికి వచ్చిన చుట్టాలకు రామచిలుక పలుకులు వినిపించి మురిసిపోయాము. ఇటీవల మన టౌన్‌షిప్‌లలో ఈ సరదా మరల మొదలైనది. పసుపు, నారింజ, బూడిద రంగుల విదేశీ చిలుకలు పట్టణాల దుకాణాలలో సులభంగా దొరుకుతూ ఉండడమే ఇందుకు కారణం. పిల్లల పుట్టినరోజు కానుకగా వాటిని కొనాలనుకునే తల్లిదండ్రుల కోసం ఈ నాలుగు మాటలు.

ముందుగా చట్టం సంగతి. మెడలో గులాబీ వలయం గల రామచిలుక, భుజంపై ఎర్రని మచ్చ గల పెద్ద చిలుక, తలపై రేగుపండు ఛాయ గల చిన్న చిలుక, ఇవన్నీ మన దేశపు అడవి పక్షులు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటిని పట్టడం, అమ్మడం, కొనడం, పంజరంలో ఉంచుకోవడం నేరాలు. జైలు, జరిమానా రెండూ పడవచ్చు. “మా తాతగారి కాలం నుండీ పెంచుతున్నాము” అనే సమాధానం చెల్లదు. సంతలో గంప క్రింద అమ్మే పిల్ల చెట్టు తొర్రలోని గూటి నుండి దొంగిలించినదే. చేయి పట్టని తొర్రను గొడ్డలితో వెడల్పు చేసి పిల్లలను తీస్తారు. మరుసటి ఏడాది ఆ తొర్రలో ఏ చిలుకా గుడ్లు పెట్టదు. ఒక్క పిల్ల వెల ఒక్క పిల్లతో తీరేది కాదన్నమాట.

ఇక చట్టసమ్మతంగా ఇంట పెంచుకోదగినవి, పంజరాలలోనే పుట్టి పెరిగిన విదేశీ జాతులు. మధ్యతరహా పరిమాణం గల వాటిలో మూడు ముఖ్యమైనవి. తలపై కుచ్చు, చెంపపై నారింజ చుక్క గల కాకటీల్ ఆస్ట్రేలియాది. అగ్గిరంగు సన్ కనూర్ దక్షిణ అమెరికా ఈశాన్య భాగానిది. ఆకుపచ్చని వీపు, బూడిద రంగు రొమ్ము గల క్వేకర్ అర్జెంటీనా, ఉరుగ్వే ప్రాంతాలది. మూడూ తోకతో కలిపి ఇంచుమించు ముప్పై సెంటీమీటర్ల పక్షులే. అంతర్జాతీయ సైటీస్ ఒప్పందపు జాబితాలలో ఉన్న జాతులను పెంచేవారు, 2024లో వచ్చిన నియమాల ప్రకారం, కేంద్ర ప్రభుత్వపు పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవడం తప్పనిసరి. కనూర్, క్వేకర్ ఆ జాబితాలలో ఉన్నాయి. కాకటీల్ లేదు. అమ్మకందారు “అవేవీ అక్కరలేదు సార్” అన్నచోట కొనకపోవడమే మేలు.

దుకాణంలో ఎవరూ చెప్పని లెక్క మరొకటి ఉన్నది. చక్కగా పోషిస్తే కాకటీల్ పదిహేను, ఇరవై ఏళ్ళు బ్రతుకుతుంది. కనూర్, క్వేకర్‌లు పాతికేళ్ళు కూడా బ్రతుకగలవు. ఆరవ తరగతి చదివే అబ్బాయి ముచ్చటపడినాడని తెచ్చిన కనూర్‌కు ఆరేడేళ్ళు వచ్చేసరికి ఆ అబ్బాయి ఇంజనీరింగ్ హాస్టలులో ఉంటాడు. దానికి పన్నెండేళ్ళు వచ్చేసరికి అతడు ఏ బెంగుళూరులోనో, డల్లాస్‌లోనో ఉంటాడు. ఈలోగా తండ్రికి రెండు మూడు బదిలీలు, ఆపైన పదవీ విరమణ. పక్షి మాత్రం ఇంకా నడివయసులోనే, ఆ ఇంటి ఇల్లాలి చేతిలో ఉంటుంది. కొనమని అడిగినది ఆమె కాదు. మన వృత్తి భాషలో చెప్పాలంటే ఇందులో మూలధన వ్యయం స్వల్పం, నిర్వహణ వ్యయమే సింహభాగం. ఆ నిర్వహణను ఎవరు మోస్తారో, వారి సమ్మతి ముందు తీసుకోవాలి.

క్వార్టర్స్‌లో మరో చిక్కు శబ్దం. సన్ కనూర్ అడవిలో గుంపుగా తిరుగుతూ దూరాన ఉన్న తోటి పక్షులను కేకవేసి పిలిచే జాతి. తెల్లవారుజామున, సంధ్యవేళ అది వేసే కేక రెండు గోడల అవతలికి వినబడుతుంది. రాత్రి షిఫ్టు ముగించుకొని అప్పుడే కన్ను మూసిన పొరుగువారికి దాని అందంతో పని లేదు. అరచినప్పుడల్లా గదిలోకి పరుగెత్తుకు వచ్చి గదమాయిస్తే, పిలిస్తే మనిషి వస్తాడని అది నేర్చుకుంటుంది. కాకటీల్ అరుపు అంతకంటే మృదువు. మగది చక్కగా ఈల వేస్తుంది. ఉమ్మడి గోడల ఇళ్ళలో నా సలహా కాకటీలే. మాటలు నేర్చే చిలుకే కావాలంటే క్వేకర్ నయం.

ఇంజనీరుగా నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరచినది పక్షి శ్వాసయంత్రాంగం. మన ఊపిరితిత్తులలో గాలి వచ్చిన దారినే తిరిగి పోతుంది. పక్షి దేహంలోని గాలితిత్తులు కొలిమితిత్తులవలె పనిచేసి, ఊపిరితిత్తుల గుండా గాలిని ఒకే దిశలో ప్రవహింపజేస్తాయి. అందువలన ఆక్సిజన్ గ్రహణ సామర్థ్యం మనకంటే ఎంతో అధికం. విషవాయువులను గ్రహించే సామర్థ్యమూ అంతే. బొగ్గు గనులలోనికి కెనరీ పిట్టలను తీసుకుపోయినది ఇందుకే. బ్రిటన్‌లో ఈ పద్ధతి 1986 వరకూ సాగింది. మన వంటింటి నాన్‌స్టిక్ పెనం ఖాళీగా పొయ్యిపై మరచిపోతే, అది మితిమీరి వేడెక్కినప్పుడు పూతనుండి వెలువడే పొగలు పక్క గదిలోని చిలుకను నిమిషాలలో చంపగలవు. మనుషులకు వాసన కూడా తెలియకపోవచ్చు. దోమల చుట్ట, అగరుబత్తి, స్ప్రేలు సైతం పక్షి ఉన్న గదిలో వద్దు. పంజరాన్ని వంటింట ఎన్నడూ పెట్టరాదు.

గాలిలో మరో మృత్యువు సీలింగ్ ఫ్యాను. పక్షిని బయటకు వదిలే ముందు ఫ్యాను ఆపి, కిటికీలు మూయడం ఇంటిల్లిపాదికీ అలవాటు కావాలి. సబ్‌స్టేషన్‌లో లైను మీద పని చేసే ముందు పర్మిట్ తీసుకున్నట్లే, ఒకరు “ఫ్యాను ఆపినాను” అని పైకి చెప్పిన తరువాతనే రెండవవారు తలుపు తీయాలి.

పంజరం కనీసం రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు ఉండాలి. క్రొత్తగా గాల్వనైజ్ చేసిన తీగ మెరుస్తూ ఉంటుంది గాని, ముక్కుతో కొరికే పక్షికి ఆ జింకు పూత విషమవుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు శ్రేష్ఠం. వాలడానికి నున్నని కర్ర ఒకటే పెడితే పాదాలకు పుండ్లు పడతాయి. లావు సన్నము గల జామ, వేప కొమ్మలు వేయండి.

ఆహారం విషయంలో పొద్దుతిరుగుడు గింజలే తిండి అనుకోవడం పరిపాటి. అవి పక్షికి ప్రీతికరం, కాని వాటిలో క్రొవ్వు ఎక్కువ, ఎ విటమిన్ లోపం. కాలేయం పాడై అకాలంగా చనిపోయే పెంపుడు చిలుకలు ఎన్నో. పక్షుల కోసం తయారయ్యే పెల్లెట్లు ముఖ్యాహారంగా, తోటకూర, మునగాకు, క్యారెట్, మొలకెత్తిన పెసలు, కొర్రలు, కొద్దిగా జామ, దానిమ్మ ఇవ్వవచ్చు. పండుమిరపకాయ కూడా నిక్షేపంగా తింటుంది. మిరప ఘాటును గుర్తించే నాడీ వ్యవస్థ పక్షులకు లేదు! చాక్లెట్, కాఫీ, అవకాడో మాత్రం ప్రాణాపాయం. బూజు పట్టిన వేరుశనగ కూడా అంతే.

చిలుక జబ్బును దాచుకుంటుంది. అడవిలో నలతగా కనబడిన పక్షిని డేగ మొదట ఎంచుకుంటుంది కాబట్టి అది దాని స్వభావం. ముడుచుకొని కూర్చున్నదని మనం గమనించే సమయానికి వ్యాధి ముదిరి ఉంటుంది. ఇందుకు ప్లాంటులో యంత్రాల కంపనాలను నమోదు చేసే పద్ధతే శరణ్యం. ఒక గ్రాము వరకు చూపే వంటింటి తూకంపై వారానికొకసారి, ఉదయం మేతకు ముందు బరువు తూచి, పుస్తకంలో వ్రాసి పెట్టండి. వంద గ్రాముల పక్షి పది గ్రాములు తగ్గిందంటే పైకి ఎంత హుషారుగా ఉన్నా పశువైద్యునికి చూపించాలి. పక్షుల వైద్యం తెలిసినవారు చిన్న ఊళ్ళలో అరుదు. దగ్గరలో ఎవరున్నారో పక్షిని కొనక మునుపే విచారించుకోవాలి.

బదిలీ వచ్చినప్పుడు కొందరు “స్వేచ్ఛ ప్రసాదిస్తున్నాము” అంటూ పంజరం తలుపు తీసి వదిలేస్తారు. మేత వెదకడం తెలియని ఆ విదేశీ పక్షికి కాకులు, డేగలు, ఆకలి ఒకటి రెండు దినాలలోనే స్వేచ్ఛ ప్రసాదిస్తాయి. తీసుకుపోవడం నిజంగా సాధ్యం కాకపోతే, పక్షులను పెంచిన అనుభవం గల మరొక కుటుంబానికి, దాని పంజరంతోను, బరువు వ్రాసిన పుస్తకంతోను కలిపి అప్పగించి, నమోదైన పక్షి అయితే ఆ మార్పును పోర్టల్‌లో తెలియజేయాలి. క్రొత్త ఇంట అది మొదటి కొద్ది రోజులు సరిగా తినకపోవచ్చు. పాతవారు తరచు ఫోనులో మాట్లాడి, ఏ పాత్రలో నీరు పెట్టేవారో, ఏ వేళకు గుడ్డ కప్పేవారో చెప్పడం అప్పుడు ఎంతో ఉపయోగపడుతుంది.