మాటల విచారము: డెవిల్-మే-కేర్

ఆంగ్లేయుల వాడుకభాషలో 'డెవిల్-మే-కేర్' అను పలుకుబడి యొకటి కలదు. చింత దయ్యమునకుండిన నుండునుగాక, నాకు మాత్రము లేదని దాని భావము. ముందువెనుక లారయక, రానున్న యాపదను లెక్కసేయక తిరుగువాని తీరును దెలుపుటకు దీనిని విశేషణముగా వాడుదురు: డెవిల్-మే-కేర్ కుఱ్ఱవాఁడు, డెవిల్-మే-కేర్ నడవడి. ఇది చనువుగలవారి నడుమఁ జెల్లు మాట. అర్జీలలోను, పెద్దలకు వ్రాయు జాబులలోను దగదు.

'కేర్‌లెస్' అనఁగా నజాగ్రత్త, చూడవలసినదానిని జూడకపోవుట. ఈ పలుకుబడి యట్టిది కాదు. ఇందలి మనుష్యుఁడు ప్రమాదమును జూచియే నవ్వి పోవును. అందుచేత దీనిలో నిందతోపాటు కొంత మెప్పును గలదు. చిక్కంతయు నా మెప్పులోనే యున్నది.

మన యిండ్లలోనికి నీ మాట యంతగా రాలేదు గాని, దీని చెల్లెలు 'డోంట్‌కేరు' వచ్చి తిష్ఠవేసినది. మా శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల పెండ్లిపందిళ్లలో "మా గుంటడికి అన్నీ డోంట్‌కేరేనమ్మా!" అని తల్లులు మురిసిపోవుచుఁ జెప్పుకొనుట పలుమాఱు వింటిమి. ఆ కుమారుఁడే హెల్మెట్టును బండి యద్దమునకుఁ దగిలించి, యిరువురు మిత్రుల నెక్కించుకొని, 16వ సంఖ్య జాతీయ రహదారిపై లారీల నడుమ దూసికొని పోవుచుండును. కూఁతురు కాలేజీనుండి యరగంట యాలస్యముగా వచ్చినచో నదే మాట తిట్టుగా మాఱును!

మన పెద్దలు దీనికి 'దుడుకు' అని పేరిడిరి. "తెగించినవానికి తెడ్డే లింగము" అను సామెత యెత్తిపొడుచున దిట్టివారినే. 'సాహస' మనఁగా నేఁడు మనకు శౌర్యమని తోఁచును గాని, మనుస్మృతిలో నది బలాత్కారముగాఁ జేసిన నేరమునకుఁ బేరు. అందు ఉత్తమసాహస దండము 1000 పణములు. కిరాతార్జునీయమున రెండవ సర్గలో ధర్మరాజు తొందరపడు భీముని వారించుటయు నాలోచనలేని చేఁత కీడు దెచ్చుననియే. చిత్రమేమనఁగా, 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టమును హెల్మెట్టు లేనివానికి 1000 రూపాయల జరిమానానే విధించినది. మూఁడు నెలలు లైసెన్సును రద్దుసేయవచ్చును గూడ.

అట్లని తెగువను దుడుకుతోఁ గలుపరాదు. 1794వ సంవత్సరము జూలై 10వ తేదీని పద్మనాభము యుద్ధమున విజయనగర ప్రభువు చినవిజయరామరాజు నేల కొరిగెను. పేష్కషు బాకీల తగవులో కుంపినీవారు నెలకు 1200 రూపాయల భరణ మిత్తుము, మచిలీపట్టణమునకుఁ బొమ్మనిరి. భరణమా, రణమా యని యాలోచించుకొనుటకుఁ దా వుండెను. ఆయన పోక నిలిచెను. ఆ నిలుకడకు వెల యింటివారును జెల్లించిరి. బాలుఁడైన కుమారుఁడు నారాయణబాబు మన్యపు జమీందారుల యండఁ జేరవలసివచ్చెను. ఎఱిఁగి, తూఁచి, యొక కార్యమునకై వెల చెల్లించుటకు సిద్ధపడుట తెగువ. బండి వేగమునకై తల నొడ్డుట యే కార్యము?

కావున సోదరీమణులారా, డోంట్‌కేరను మాట నాలుకపైకి వచ్చినపుడు "దేనికొఱకు?" అని యొకమా ఱడిగి చూతము. తగిన జవాబున్నచోఁ గొడుకునైనను గూఁతునైనను దెగువగలవారని మెచ్చుకొందము. లేనిచో నిరువురను సమానముగానే మందలింతము. ఱేపు బిడ్డ బండి తీయునప్పుడు హెల్మెట్టును జేతికిచ్చి, గడ్డముక్రింది పట్టీ బిగించుకొనువఱకు గుమ్మమున నిలిచి చూడుఁడు.